రెండో గాలం

గుడివాడలో సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు ముందు ప్లాస్టిక్ స్టూలు మీద గంటన్నర నుంచి కూర్చున్నాను. "అయిదు నిమిషాలండీ" అని కొట్టాయన అనడం అది నాలుగోసారి. చార్జింగ్ పిన్ను మారుస్తున్నాడు. వేడి మొన తగిలి తగరం కరిగింది. సన్నటి తెల్లటి పొగ లేచి ఘాటుగా నా ముక్కుకి తగిలింది. అంతే, కొట్టాయన మీద ఉన్న కోపమంతా కరీం మావయ్య మీదికి మళ్ళింది. ఆయన పోయి మూడేళ్ళయింది. పోయిన మనిషిని ఇంకా విసుక్కోవడం మర్యాద కాదని నాకూ తెలుసు. కానీ నా జన్మలో నన్ను అంతగా విసిగించిన మనిషి ఇంకొకరు లేరు. నాలో పనికొచ్చే గుణం ఏదైనా ఉందంటే అది ఆ విసుగు నేర్పిందే కాబట్టి, ఆయన్ని ఎరగని వాళ్ళకి కాస్త చెప్పాలనిపిస్తోంది.

ఉద్యోగం వచ్చిన కొత్తలో నేను బందరులో ఒక ప్రభుత్వ కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటుని. చిలకలపూడిలో కరీం మావయ్య వాళ్ళ మేడ మీద గది అద్దెకు తీసుకున్నాను. ఆయన రోల్డ్ గోల్డ్ నగలకి అతుకులు వేసేవారు. గొలుసుకి కొక్కెం, కమ్మకి కాడ, గాజుకి పువ్వు, ఏదైనా సరే ఊదుగొట్టంతో మంట తిప్పి అతికేవారు. ఆ పొగ కిటికీలోంచి తిన్నగా నా గదిలోకే వచ్చేది. అప్పటికే ఆయనకి అరవై దాటాయి. సన్నగా, పొడుగ్గా ఉండేవారు, కళ్ళజోడుకి ఒక కాడ తీగతో కట్టి ఉండేది. ఊళ్ళో అందరి నగలూ అతికే మనిషి తన కళ్ళజోడు అతుక్కోలేదు. అడిగితే "నడుస్తోందిగా" అనేవారు. అద్దెకు దిగిన మొదటి రోజే నన్ను అల్లుడూ అని పిలిచారు. దాంతో ఆయన మావయ్య, వాళ్ళావిడ అత్తయ్య అయిపోయారు. వరస కలిసిందని సంతోషించాను గానీ, మావయ్య ఎంత చాదస్తుడో తెలియడానికి వారం కూడా పట్టలేదు. "గ్యాస్ కట్టేశావా?" అని అడిగి, కట్టేశానంటే మేడ ఎక్కి వచ్చి చూసేవారు. నమ్మకం లేకనా అంటే కాదు. "నువ్వు కట్టేశావు, నేను చూశాను, ఇద్దరికీ నిద్ర పట్టుద్ది" అనేవారు.

ఆదివారం పూట ఆయన దివిసీమలో కొరమేనులు పట్టడానికి వెళ్ళేవారు. బందరు మనిషికి సముద్రం ఉండగా మురుగు కాలువ ఎందుకని అడిగాను. సముద్రంలో చేప ఎక్కడుందో దేవుడికే తెలుసట, కొరమేను ఎక్కడుందో కరీముకి తెలుసట. గుర్రపుడెక్క దట్టంగా అల్లుకున్న చోట, తూటిపొదలు నీళ్ళలోకి వంగిన చోట ఆ చేప నీడలో కదలకుండా కూర్చుంటుంది. అక్కడ మామూలు గాలం వేస్తే చేపకంటే ముందు కాడలు తగులుకుంటాయి. అందుకని ఆయన గాలం ఆయనే తయారు చేసుకునేవారు. కొక్కెం మెడ దగ్గర చింతగింజంత సీసం పోసి, వెనక నల్ల కోడి ఈకలు చుట్టేవారు. నగల పనిలో మిగిలిన పచ్చటి తీగ ముక్క ఒకటి సీసంలో దింపి, మొనని కప్పేలా ముందుకు వంచేవారు. దాన్ని మీసం అనేవారు. కాడ తగిలితే మీసం అడ్డుపడి మొనని దిగనివ్వదు. చేప నోరు మూసినప్పుడు మాత్రం వంగి, మొనకి దారి ఇస్తుంది. మీసం బిరుసైతే చేప పడదు, మెత్తనైతే కాలువలో చెత్తంతా పడుతుంది. ఒక్కొక్క మీసాన్ని బొటనవేలితో నొక్కి, వదిలి, మళ్ళీ నొక్కి, నాకు నచ్చింది కదా అంటే ఆయనకి నచ్చక తీసేసి, ఒక గాలానికి ఒక సాయంత్రం పట్టేది. పక్కన కూర్చుని చూస్తున్నందుకు నాకు తల ప్రాణం తోకకొచ్చేది.

మొదటిసారి నన్ను మోపెడ్ వెనక ఎక్కించుకుని తీసుకెళ్ళారు. పులిగడ్డ దాటి, అవనిగడ్డ దాటి, పొలాల మధ్య ఒక మురుగు కాలువ గట్టు. నేను సినిమాలో చూసినట్టు కర్ర వెనక్కి తిప్పి విసరబోయాను.

"ఇసరమాక అల్లుడూ. ఇదేవన్నా సముద్రవా? ఆ డెక్కల మధ్యన కన్నం కనపడతందా? నిలువుగా అందులోకి దించు. అడుగు తగిలాక బెత్తెడు పైకెత్తు, మళ్ళీ దించు. అంతే పని."

దించాను. ఎత్తాను. మూడో ఎత్తుకి ఎక్కడో పట్టేసింది. చేప అనుకుని బలంగా లాగాను. కర్ర వంగింది, దారం కూతపెట్టింది. మావయ్య కేక గట్టు అవతలి గేదెలకి కూడా వినపడి ఉంటుంది.

"లాగమాక! లాగేకొద్దీ దిగుద్ది. దారం వొదులు. కర్ర కొస మీద వేలితో కొట్టు. రాలేదా? అయితే నువ్వు అటేపు గట్టుకెళ్ళి అటు నించి ఎత్తు. ఏ దారిన దిగిందో ఆ దారినే రావాలి."

అటువైపు గట్టుకి వెళ్ళాలంటే తూము దాకా నడవాలి. నడిచాను. రాలేదు. అప్పుడు ఆయన తాపీగా లుంగీ ఎగ్గట్టి, "ఇంకేవుంది, దిగు" అన్నారు. దారం పట్టుకుని నడుములోతు నీళ్ళలో, జారుడు బురదలో, వేళ్ళతో తడుముకుంటూ వెళ్ళి, తూటికాడ చుట్టూ మూడు చుట్లు తిరిగిన గాలాన్ని విప్పి తెచ్చేసరికి గంట దాటింది. ఒంటి నిండా బురద, దురద, కోపం. "మావయ్యా, ఒక్క గాలం పోతే పోనిద్దురూ. ఇంటికెళ్ళి ఇంకోటి చేసుకోవచ్చు కదా" అన్నాను.

"గాలం ఎక్కడికి పోద్ది? అక్కడే ఉంటది. ఇంటికి పోయేది మనం" అన్నారు. అని, గడ్డంతో కాలువ కింది వైపు చూపించారు.

అక్కడ ఒకావిడ నీళ్ళలో నిలబడి పొన్నగంటి కూర కోస్తోంది. పేరు నాంచారమ్మ. యాభై ఏళ్ళుంటాయి. నడుముకి కట్టిన తాడు కొసన సత్తు బేసిను ఒకటి వెనకే తేలుతూ వస్తోంది. చూపు గట్టు మీద ఎవరితోనో కబుర్ల మీద ఉంది, చేతులు మాత్రం నీళ్ళ కింద వాటి పని అవి చేసుకుపోతున్నాయి. పైపైన గిల్లితే కట్ట నిలవదట, నీళ్ళ కింద కాడ మొదలు దాకా చెయ్యి పోనిచ్చి తుంచాలట. అలా కోసిన కూర అవనిగడ్డ బజారులో కట్టలు కట్టి అమ్మేది. ఆవిడ మావయ్యని అన్నయ్యా అని పిలిచేది. "అన్నీ వొచ్చినియ్యా అన్నయ్యా?" అని ఆవిడ అడగడం, "వొచ్చినియ్యమ్మా, నువ్వు దిగు" అని ఈయన చెప్పడం ప్రతి ఆదివారం జరిగేదే. ఆ మాట నేను అప్పట్లో పట్టించుకోలేదు.

ఆయన లెక్క అలాంటిది. అరిగిపోయిన హవాయి చెప్పు ఒకటి సంచిలో ఉండేది. దానికి ఎనిమిది గాలాలు గుచ్చి తెచ్చేవారు, నాకు నాలుగు, ఆయనకి నాలుగు. తిరిగి వెళ్ళేటప్పుడు ఎనిమిదీ చెప్పుకి గుచ్చితే తప్ప మోపెడ్ స్టార్టు చేసేవారు కాదు. వాన పడుతున్నా అంతే, ఆకలితో నా కళ్ళు తిరుగుతున్నా అంతే. చేపలు ఎన్ని పడ్డాయో చాలాసార్లు మరిచిపోయేవారు. ఒకసారి ఒకే ఒక్క గాలం కోసం మధ్యాహ్నం నించి పొద్దువాలే దాకా నీళ్ళలో ఉన్నాం. సోమవారం ఆఫీసులో అందరి ముందూ కాళ్ళు గోక్కుంటూ కూర్చున్నాను. ఇక ఆ చాదస్తాన్ని భరించడం నా వల్ల కాదనుకున్నాను. మానేస్తే సరిపోయేది. మానలేదు, ఎందుకంటే అప్పటికి కొరమేను డెక్కల కింద గాలం అందుకున్నప్పుడు చేతికి తెలిసే ఆ బరువు నాకు అలవాటైపోయింది. అందుకని తెలివైన పని ఒకటి చేశాను. "ఆఫీసులో చూపిస్తాను, రెండు గాలాలు ఇవ్వండి మావయ్యా" అని అడిగాను. ఆయన మురిసిపోయి, రెండింటికీ మీసం సరిచూసి మరీ ఇచ్చారు. వాటిని అగ్గిపెట్టెలో పెట్టి చొక్కా జేబులో వేసుకున్నాను.

ఆ తరువాతి ఆదివారమే ఒక గాలం తూటిపొద అడుగున తగులుకుంది. మావయ్య మలుపు అవతల ఉన్నారు. దారం పళ్ళతో కొరికేసి, అగ్గిపెట్టెలోది తీసి కట్టుకున్నాను. సాయంత్రం చెప్పు మీద ఎనిమిదీ ఉన్నాయి. "వొచ్చిందా అల్లుడూ, ఇందాక తగులుకుంది?" అని అడిగారు. "వచ్చింది మావయ్యా" అన్నాను. ఆయన తల ఊపి, కాలువలో ఉన్న నాంచారమ్మ వైపు తిరిగి "అన్నీ వొచ్చినియ్యమ్మా" అని కేకేశారు. మూడు వారాల తరువాత రెండోదీ అక్కడే, అలాగే కొరికేశాను. మొదటిసారి భయం వేసింది. రెండోసారి అది కూడా లేదు.

నెల తిరక్కుండా ఒక ఆదివారం మేం వెళ్ళేసరికి నాంచారమ్మ గట్టు మీద కూర్చుని ఉంది. కుడిచేతికి పైటకొంగు చుట్టుకుంది. కొంగంతా ఎరుపు. మావయ్య మోపెడ్ స్టాండు వేయకుండానే దిగి పరుగెత్తారు, బండి నా కాలి మీద పడింది. కొంగు విప్పితే బొటనవేలి మొదట్లో, అరచేతి కండలోకి, కొక్కెం మెడ దాకా దిగి ఉంది గాలం. బురదపట్టిన కోడి ఈక, సీసం, ఆ పక్కన పచ్చగా మెరుస్తున్న మీసం. వేళ్ళకి అడ్డం రాని మీసం.

మొనకి ముల్లుంటుంది, వెనక్కి లాగితే కండ చీలుతుంది. మావయ్య సంచిలోంచి కటింగ్ ప్లయరు తీసి, "అటు చూడమ్మా, ఆ కొంగల్ని చూడు" అంటూ మొనని ముందుకే పొడిచి, బయటికి వచ్చిన ముల్లుని కత్తిరించి, మిగతాది వెనక్కి తీశారు. ఆవిడ ఒక్క కేక పెట్టింది. నేను ఆవిడ మోచెయ్యి పట్టుకుని ఉన్నాను.

"ఇది నాది నాంచారమ్మా" అన్నారు మావయ్య. "నా చేతిది. ఎక్కడో నా లెక్క తప్పింది."

"నువ్వు లెక్క తప్పే మనిషివి కాదులే అన్నయ్యా" అంది ఆవిడ, నెప్పితో పళ్ళు బిగించి.

అవనిగడ్డ ఆసుపత్రిలో ఇంజెక్షను చేసి కట్టు కట్టారు. నెల దాకా ఆ చెయ్యి నీళ్ళలో పెట్టకూడదన్నారు. తిరిగి వచ్చే దారిలో మావయ్య మోపెడ్ ఆపి, వెనక్కి తిరిగి అడిగారు. "అల్లుడూ, నీకిచ్చినవి రెండూ ఆఫీసులోనే ఉన్నయ్యా?"

"ఉన్నాయి మావయ్యా" అన్నాను. ఆ మాట అంత తేలిగ్గా ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. సిగ్గుగా ఉంది రాయడానికి.

ఆ రోజు నించి ఆయన మారిపోయారు. చెప్పు ముందు పెట్టుకుని గాలాలు లెక్కపెడతారు, ఎనిమిది. మరి తొమ్మిదోది ఎక్కడిది? ఆయన తనకు తానే ఒక సమాధానం కట్టుకున్నారు. ఏదో ఒక ఆదివారం ఏడే తెచ్చి ఎనిమిది అనుకుని ఉంటారు, ఇంట్లో ఇంకోటి చేసి గుచ్చి ఆ సంగతే మరిచిపోయి ఉంటారు. ఆయన తండ్రి చివరి రోజుల్లో కన్నపిల్లల పేర్లు మరిచిపోయి, సొంత ఇంట్లో దారి తప్పి తిరిగారట. తనకీ అదే మొదలైందని మావయ్య నమ్మేశారు. ఒక ఉదయం అత్తయ్య మేడ మీదికి వచ్చింది. ఆవిడ ఎప్పుడూ మెట్లు ఎక్కేది కాదు, మోకాళ్ళ నెప్పులు.

"బాబూ, ఆయన మంట వెలిగించడం మానేశారు. ఆర్పానో లేదో గుర్తుండదంట. పనిముట్లన్నీ తమ్ముడి కొడుక్కి ఇచ్చేస్తానంటున్నారు. నలభై ఏళ్ళ చెయ్యి, ఊరికే కూర్చోబెడితే ఏవైపోతారు? నువ్వొకసారి విజయవాడ తీసుకెళ్ళి తల డాక్టరుకి చూపించవా? నువ్వు చెబితే ఇంటారు."

నేను చెబితే వింటారట. అంతకంటే చెంపదెబ్బ కొట్టినా బాగుండేది. అత్తయ్య మెట్లు దిగే దాకా కూడా ఆగలేకపోయాను, ఆవిడని దాటుకుని కిందికి వెళ్ళాను. మావయ్య చల్లారిన పొయ్యి ముందు ఊరికే కూర్చుని ఉన్నారు.

"మావయ్యా, ఆ గాలం నేను వదిలేసింది. దారం కొరికేశాను. మీరిచ్చిన వాటితో లెక్క సరిపెట్టాను. మీ లెక్క ఎప్పుడూ తప్పలేదు."

ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని నన్ను చూశారు. తిడతారనుకున్నాను. ఆయన తలుపు వైపు తిరిగి, "విన్నావా? నా బుర్రకేం కాలేదంట!" అని అత్తయ్యని కేకేశారు. మొహం విప్పారింది. నాకు ఏడుపొచ్చింది. అంతలోనే ఆ నవ్వు ఆగిపోయింది.

"రెండు ఇచ్చాను నీకు. వొదిలేసింది ఒకటేనా?"

ఒకటే అని ఉంటే అక్కడితో అయిపోయేది. "రెండు" అన్నాను.

అప్పుడు తిట్టారు. తెలుగులో తిట్టి, అది చాలక ఉర్దూలోకి వెళ్ళి, మళ్ళీ తెలుగులోకి వచ్చారు. తిడుతూనే చొక్కా తొడుక్కున్నారు, తిడుతూనే మోపెడ్ తీశారు. "రెండోది ఇంకా నీళ్ళల్లో ఉండగా ఇక్కడ నించుని ఏడుస్తావేంటి, ఎక్కు!" అన్నారు. ఆ రోజు సోమవారం, నాకు ఆఫీసు ఉంది. ఎక్కాను.

నాంచారమ్మకి నా నోటితోనే చెప్పించారు. "ఆ నోరేదో ఆ రోజే పెగిల్తే అన్నయ్యకి ఇన్నాళ్ళు నిద్రుండేది కదయ్యా" అంది. చేతి సంగతి ఒక్క ముక్క ఎత్తలేదు. తరువాత పాకలోకి వెళ్ళి సత్తు బేసిను తెచ్చి నా ముందు పడేసింది. "మీ చేతులు బానే ఉన్నయ్యిగా. రేపటి నించి కూర కొయ్యండి."

పది రోజులు సెలవు పెట్టాను. కారణం రాసే చోట స్వంత పని అని రాశాను. తెల్లవారగానే మొదటి బస్సుకి వెళ్ళి, నడుముకి తాడు కట్టుకుని, ఆ కాలువలోనే దిగేవాణ్ణి. నీళ్ళ కింద ఏమీ కనపడదు. ప్రతి కాడకీ చెయ్యి లోపలికి పోనివ్వాలి, ప్రతిసారీ వేళ్ళు ముడుచుకుపోయేవి. ఆ నీళ్ళలో ఏముందో నాకంటే బాగా తెలిసిన వాడు లేడు. గట్టు మీద కట్టు చేతితో కూర్చుని నాంచారమ్మ, "అది కూర కాదయ్యా, గడ్డి. చూసి కాదు, వేళ్ళకి తెలియాలి" అని విసుక్కునేది. ఆవిడ దగ్గర కూడా నా బతుకు అదే. అవతల మావయ్య, ఆ వయసులో, రెండోదాని కోసం కాళ్ళతో బురద తడుముతూ ఉండేవారు. దిగనివ్వనని నేను అడ్డుపడితే, "లెక్క నాది" అన్నారు. దొరకలేదు. నాంచారమ్మ చెయ్యి నెలన్నరకి మానింది. బొటనవేలు మాత్రం ముందులా పూర్తిగా వంగేది కాదు. ఆ తరువాత కూడా ఆ మలుపు దగ్గర మావయ్య ఆవిడని దిగనిచ్చేవారు కాదు. ఆదివారాలు మేమిద్దరం గాలాలు పక్కన పెట్టి ఆ తూటిపొద మొదళ్ళే వెతికేవాళ్ళం.

తరువాత నాకు గుడివాడ బదిలీ అయింది. ఫోను చేస్తే బాగోగుల కంటే ముందు "దొరికిందా?" అని అడిగేవారు. పెళ్ళికి వచ్చి, అక్షింతలు వేస్తూ చెవిలో అదే అడిగారు. మా ఆవిడ ఏమిటని అడిగితే ఏం చెప్పను? పదేళ్ళు ఈ వరస. ఒక్కోసారి ఫోను తీయాలంటేనే విసుగొచ్చేది. ఇనుము ఈపాటికి తుప్పు పట్టిపోయి ఉంటుంది మావయ్యా అంటే, "మొన పోయిందని నువ్వు చూశావా?" అనేవారు.

చివరి ఏడాది ఆయన భయపడిందే జరిగింది, తండ్రికి వచ్చినదే వచ్చింది. చూడ్డానికి వెళ్ళాను. మంచం మీద గోడవైపు తిరిగి ఉన్నారు. అత్తయ్య నా పేరు చెప్పింది, గుర్తుపట్టలేదు. మేడ మీద అద్దెకున్న వాడినన్నాను, మనకి మేడ ఎక్కడుందని ఆవిడని అడిగారు. ఒక అరగంట కూర్చుని లేవబోతుంటే, ఆయన చెయ్యి చాపి నా బొటనవేలు పట్టుకున్నారు.

"రెండోది దొరికిందా?"

అత్తయ్య ఆయన వెనక నిలబడి, దొరికిందని చెప్పమని కళ్ళతో బతిమాలింది. చెబితే ఆయన హాయిగా నిద్రపోయేవారు. నా పేరు కూడా తెలియని మనిషి, ఇంక నా అబద్ధం పట్టుకునేదెవరు? నోటి దాకా వచ్చింది కూడా.

"లేదు మావయ్యా" అన్నాను.

"అయితే ఇక్కడ కూర్చున్నావేంటి?" అని కసిరారు.

అత్తయ్య చాలాకాలం నా మీద కోపంగా ఉంది. ఆవిడ కోపం న్యాయమైనదే. నెలకొక ఆదివారం గుడివాడ నించి బస్సు మారి అవనిగడ్డ వెళ్తాను. గాలం కర్ర తీసుకెళ్ళను. ప్యాంటు మడిచి, నాంచారమ్మ వచ్చేలోపు ఆ మలుపు దగ్గర దిగి, చేతులతో తడుముతాను. ఆవిడ వచ్చి గట్టు మీద నిలబడి, అన్నీ వొచ్చినియ్యా అని అడుగుతుంది. ఇంకా లేదమ్మా, ఇటు దిగకు అని చెబుతాను.